గడ్డి రేక్‌కు ఎత్తు సెన్సార్ పెట్టిన: సాగర్ ఆయకట్టు మళ్ళల్ల రెండు సీజన్లు తోలినంక అసలు ముచ్చట

నమస్తే అందరికి. ఇప్పుడు పొద్దుగాల ఏడున్నర అయితుంది. నేనున్నది మిర్యాలగూడ దిక్కు, సాగర్ ఎడమ కాలువ కింద. నిన్న మాపటికే చైన్ మిషన్, అదే చైన్ల మీద నడిచే వరి కోత మిషన్, ఈ మడి కోసి పోయింది. నా ఎనుక చూడుర్రి, గడ్డంతా ఎట్ల చెల్లాచెదురుగ పడ్డదో. మంచు ఇంకా ఆరలే. తడి మీద రేక్ తోలితే గడ్డి ముద్దలు ముద్దలు అయితది, అందుకే బండి ఇంకా స్టార్ట్ చెయ్యలే. అది ఆరేలోపు మాట్లాడుకుందాం.

ఈ రేక్ మీకు కొత్తది కాదు, ఒక్క రోటర్‌ది, అంటే పళ్ళతోని గుండ్రంగ తిరిగేది ఒక్కటే ఉంటది, మన 45 హెచ్‌పీ ట్రాక్టర్ గుంజుతది. చెదిరిన గడ్డిని తిప్పి ఒక వరుసకు తెస్తది, ఎంబడే బేలర్ వచ్చి కట్టలు చుడతది. ఇయ్యాల రివ్యూ రేక్‌ది కాదు. దీనికి నేను పెట్టించిన ఎత్తు సెన్సార్ కిట్టుది, పళ్ళు నేలకు ఎంత ఎత్తున ఉన్నయో చూసి తనంతట తానే సరి చేసేది. పోయిన యాసంగిల పెట్టించిన, ఇప్పుడు వానాకాలం కోతలల్ల కూడ తోలుతున్న. కంపెనీ పేరు చెప్ప. ఎవ్వలు నాకు ఉట్టిగ ఇయ్యలే, నా పైసలతోనే కొన్న. ఎంతయింది అంటే, ఒక మంచి ముర్రా బర్రె వచ్చేటంత.

ముందుగాల అసలు బాధ ఏందో చూపిస్త. కెమెరా జర కిందికి తీస్కరా తమ్మీ. ఇగో ఇది రోటర్ పళ్ళు. ఈ పన్ను కొసకు, నేలకు నడుమ అగ్గిపెట్టె పెడుతున్న, పండబెట్టి కాదు, పక్క మీద నిలబెట్టి. సరిపోయిందా? అంటే మూడు, మూడున్నర సెంటీమీటర్లు. గింతే మనకు కావల్సింది. ఇంతకంటె కిందికి పోతే పన్ను మన్ను గోకుతది, ఆ మన్ను గడ్డితోని వరుసలకు, వరుసల నుంచి బేలర్‌లకు, బేలర్ నుంచి కట్టలకు పోతది. పైకి లేస్తే గడ్డి కొయ్యకాళ్ళల్లనే ఉండిపోతది. డ్రైవర్ ఏం చేస్తడు? కిరాయి కట్టకు ఇంత అని లెక్క. కట్టలు ఎక్కువ రావాలె. అందుకే ఒక గీత కిందికే పెట్టుకుంటడు. నేను కూడ అట్లనే పెట్టుకున్నోన్నే, దాచేదేం లేదు.

ఆ మన్నుతోని ఏమయితదో ఇప్పుడు చూడుర్రి. ఇక్కడ తెల్ల పట్టా పరిచిన. రెండు కట్టలు తెచ్చిన, రెండు ఇదే ఊరివి, ఇంచుమించు 20 కిలోలు ఉంటయి ఒక్కోటి. మొదటిది పక్క మడిల వేరేటోళ్ళు సెన్సార్ లేకుండ కట్టింది. తాడు కోస్తున్న. విప్పి దులుపుతున్న. ఊఁ... దుమ్ము చూడుర్రి. గడ్డి తీసేసి పట్టా మూలలు దగ్గరికి పడితే ఇంత మన్ను. దోసెడు, ఇంకో దోసెడు. నడుమ గులకరాళ్ళు కూడ ఉన్నయి. ఇప్పుడు నాది. ఇది నిన్న కట్టింది. దులుపుతున్న... చారెడు. చారెడు కంటె కొంచెం ఎక్కువ ఉంటది, నిజం చెప్పాలె. ఒక కట్టతోని లెక్క తేలదు, నాకు తెలుసు. కాని రెండు సీజన్లు దులిపి చూస్తున్న, తేడా మాత్రం ఈ తీరుగనే ఉంటుంది.

ఇక్కడ ఒక మాట. ఐరోపాల పచ్చిగడ్డి సైలేజ్‌ల, అంటే పులియబెట్టి దాచిన మేతల, మన్ను కలిసిందా లేదా చూడాలంటే ల్యాబ్‌ల కాల్చి మిగిలిన బూడిద శాతం చూస్తరు. నూటికి పది దాటిందంటే మన్ను కలిసిందని అనుమానం. మన వరిగడ్డికి ఆ లెక్క నడవదు. వరిగడ్డిల సిలికా, అంటే ఇసుకల ఉండే సరుకు, ఎక్కువ, మన్ను లేకున్నా బూడిద పది దాటుతది. అందుకే నేను ల్యాబ్‌ను నమ్ముకోలే, పట్టాను నమ్ముకున్న. వరిగడ్డిల ప్రొటీన్ ఎట్లాగు మూడు నాలుగు శాతమే. అంత బలం లేని మేతకు మళ్ళ మన్ను కలిపి బర్రె ముందట ఏస్తే, దానికి కోపం రాదా చెప్పుర్రి.

ఇగ కిట్టుల ఏమున్నదో చూద్దాం. మడిని సాపు చేసే లేజర్ లెవెలర్ మీ మడిల తిరిగిందా ఎప్పుడన్న? అందుల మాస్ట్ మీద రిసీవర్ ఉంటది, లేజర్ గీత కంటె బ్లేడు పైకో కిందికో పోతే కంట్రోల్ డబ్బా వాల్వ్‌కు చెప్తది, వాల్వ్ ఆయిల్ వదిలి బ్లేడును సరి చేస్తది. ఇది కూడ అదే చుట్టరికం. లేజర్ బదులు రేక్ మీద కన్ను ఉంటది. ఇగో ఈ నల్ల గుండ్రం, అల్ట్రాసోనిక్ సెన్సార్. మన చెవికి ఇనపడని చప్పుడు నేలకు కొడతది, అది తిరిగి రావడానికి ఎంత సేపు పట్టిందో చూసి దూరం లెక్క కడతది. లెక్క తేడా వస్తే 12 వోల్టుల సోలనాయిడ్ వాల్వ్, అదే కరెంటుతోని తెరుచుకునే వాల్వ్, టక్ మంటది. రోటర్ కింది ఇరుసు కాడ ఎత్తు కోసం ఇంతకుముందు చేత్తో తిప్పే హ్యాండిల్ ఉండె, అది పీకేసి ఈ చిన్న సిలిండర్ పెట్టిండ్రు. సీటు పక్కన డబ్బా, దాంట్ల ఎత్తు నంబర్, రెండు బటన్లు. చూడనీకి మస్తు ముద్దుగ ఉంది.

కాని మొదటి వారంల ఇది నన్ను ఎంత సతాయించిందో చెప్త.

పోయిన యాసంగి, ఎండలు 43 డిగ్రీలు. పొద్దుగాల కాంక్రీట్ కల్లం మీద రేక్ దించి, పళ్ళు నేలకు ఆనించి సున్నా కొట్టి, అగ్గిపెట్టె లెక్క సెట్ చేసిన. పదింటిదాక బంగారం లెక్క నడిచింది. పన్నెండు దాటినంక మన్ను గోకుడు మొదలు. డీలర్‌కు ఫోన్ చేస్తే "సెట్టింగ్ మీరే కదిలించి ఉంటరు" అన్నడు. నేను కదిలియ్యలే సారూ అంటే ఇనడు. ఇగ నేనే కూసోని ఆలోచన చేసిన. చప్పుడు గాలిల పోయే ఏగం వేడిని బట్టి మారతది. 20 డిగ్రీలకు సెకనుకు 343 మీటర్లు, 43 డిగ్రీలకు ఇంచుమించు 357. నూటికి నాలుగు తేడా. సెన్సార్ నేలకు అర మీటర్ ఎత్తున ఉంటే రెండు సెంటీమీటర్ల తప్పు. మనకు కావల్సిన సందే మూడు సెంటీమీటర్లు!

దానికోసమే సెన్సార్ లోపల వేడి కొలిచే ఇంకో ముక్క పెడతరు, దాన్ని బట్టి లెక్క సరి చేసుకుంటది. ఇందుల కూడ ఉంది. మరి తప్పు యాడ? సెన్సార్ డబ్బా నల్లది, నడి ఎండల ఉన్నది, చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. అది తన ఒంటి వేడిని కొలిచి గాలి కూడ అంతే వేడి ఉన్నదని అనుకుంటుంది. చప్పుడు ఇంకా జోరుగ పోతుందని లెక్క ఏసి, నేల దూరంగ ఉందని రేక్‌ను దించుతుంది. నమ్మకం రాక తడి గుడ్డ చుట్టిన దాని మీద. ఐదు నిమిషాల్ల డబ్బా మీద నంబర్ మారింది. తర్వాత తెల్ల రేకు ముక్క గొడుగు లెక్క కట్టిన, ఇగో ఇదే. అందంగ లేదు, కాని పని చేస్తుంది. డీలర్‌కు ఫొటో పంపిన. జవాబు రాలే.

ఎండ సంగతి తెగిందనుకుంటే కొయ్యకాళ్ళ సంగతి వచ్చింది. ఐరోపా పచ్చిక బీళ్ళల్ల గడ్డిని ఏడెనిమిది సెంటీమీటర్ల మీద నున్నగ కోస్తరు. మన చైన్ మిషన్ జానెడు కొయ్యకాళ్ళు వదుల్తది, మీద గడ్డి కప్పి ఉంటది. కన్ను పైనుంచి చూస్తే ఒకసారి నేల కనపడతది, ఒకసారి గడ్డి కనపడతది. గడ్డి మెత్తగ ఉంటే చప్పుడు అందుల ఇంకిపోయి తిరిగే రాదు. అప్పుడు డబ్బా ఏం చెయ్యాల్నో తెల్వక ఎత్తు, దించు, ఎత్తు, దించు. సోలనాయిడ్ టకటక కొట్టుకుంటనే ఉంటది. సెట్టింగ్‌ల ఒక సెంటీమీటర్ లోపల తేడా వస్తే కదలొద్దు అని సందు ఇచ్చిన, కొంత నెమ్మది అయింది. కాని తప్పు నంబర్ తప్పు నంబరే.

అప్పుడు నాకు అర్థమయింది, ఈ మళ్ళల్ల నేలను చూసి కొలవద్దు, తాకి కొలవాలె. ఆస్ట్రియాల పొట్టింగర్ అనే కంపెనీ రేక్‌లకు మల్టీటాస్ట్ అని ఒక చక్రం ఇస్తది, పళ్ళకు కొంచెం ముందట నేలను తడుముకుంట పోతది, మిట్ట వస్తే రోటర్‌ను లేపుతది. కరెంటు లేదు, సెన్సార్ లేదు, ఉట్టి చక్రమే. అది చూసినంక, కిట్టు డబ్బాల రెండో సెన్సార్ తగిలించే జాగ ఖాళీగ ఉన్నది కదా అని, మా వెల్డింగ్ షాపు తమ్మునితోని ఒక చేయి చేయించిన. కొసకు చిన్న చక్రం, కీలు కాడ కోణం కొలిచే సెన్సార్. చక్రం కొయ్యకాళ్ళను తొక్కుకుంట నేల మీదనే పోతది. కంటి వైరు పీకేసిన. ఇప్పుడు మీరు చూస్తున్నది అదే బండి. కొన్న కిట్టుల సగం వాడుతున్న, సగం గొడుగు కింద ఎండుతుంది.

చక్రం పళ్ళకు ఎంత ముందట ఉండాలె? దీని మీద ఒక లెక్క చెప్త, కిట్టు కొనేటోళ్ళు జర ఇనుర్రి. గంటకు 6 కిలోమీటర్ల స్పీడ్‌ల ట్రాక్టర్ సెకనుకు మీటర్ ముప్పావు దాక పోతది, సరిగ్గా చెప్పాలంటే 1.67 మీటర్లు. సెన్సార్ చూసి, వాల్వ్ తెరుచుకొని, ఆయిల్ పోయి, రోటర్ లేవనీకి అర సెకను పట్టిందనుకుందాం. అంతల బండి 83 సెంటీమీటర్లు పోయింది. మన మడి ఒడ్డు వెడల్పు ఎంత? జానెడున్నర, రెండు జానలు. అంటే సెన్సార్ పళ్ళ పక్కనే ఉంటే, రేక్ లేచేసరికి ఒడ్డు ఎనుక పడ్డది, పళ్ళు వంగినయి. నా మూడు పళ్ళు అట్లనే వంగినయి, ఒడ్డు కాడి రాయికి తగిలి. అందుకే 4 కిలోమీటర్ల స్పీడ్ దాటకుండ తోలుతున్న, చక్రం రెండు ఫీట్లు ముందట పెట్టిన. ఒడ్డు వస్తే మాత్రం సెన్సార్‌ను నమ్మ, నేనే లీవర్ గుంజి లేపుత.

తమ్మీ, ఇటు రా, ఈ గాడి చూపియ్యి. ఇది చైన్ మిషన్ తిరిగిన జాడ. తడి మడిల దిగబడి ఎండినంక గిట్ల కాలువ లెక్క అయితది. చక్రం ఇందుల పడితే? నేల కిందికి పోయిందని అనుకొని రోటర్‌ను దించుతది, పక్కన గట్టి నేలను పళ్ళు దున్నుతయి. దీనికి ఏ సెట్టింగ్ లేదు. గాళ్ళకు అడ్డంగ తోలాలె, వాటెంబడి తోలొద్దు. సెన్సార్ ఉన్నా డ్రైవర్‌కు కండ్లు ఉండాలె.

ఇంకోటి, ఎలుకలు. షెడ్డుల నెల పెట్టిన, వైరు రెండు జాగల కొరికినయి. ఇప్పుడు మొత్తం ఇనుప పైపులకెల్లి తీసిన.

సరే, ఎవ్వలు కొనాలె? మీకు ఐదారు ఎకరాలు ఉండి, మీ గడ్డి మీరే చేసుకుంటరా, వద్దు. అగ్గిపెట్టె తీస్కపోయి పొద్దున ఒకసారి, పగటాల ఒకసారి కొలిచి హ్యాండిల్ తిప్పుకోండి, సరిపోతది. కిరాయికి ఊరూరు తిరిగి తోలుతరా, డెయిరీ ఫారాలకు కట్టలు అమ్ముతరా, అప్పుడు ఆలోచన చెయ్యొచ్చు. మా దగ్గర రెగ్యులర్‌గ కొనే ఒకాయన ఇప్పుడు కట్ట దులిపి చూడుడు బంద్ చేసిండు, నాకు ఆ నమ్మకం చాలు. లేజర్ కొట్టిన సాపు మడి అయితే ఇంకా మంచిగ నడుస్తది. పాలమూరు దిక్కు చెలకల్ల, రాళ్ళు రప్పలున్న కాడ గడ్డి పెంచేటోళ్ళు మాత్రం కన్ను ఉన్న మోడల్ కంటె చక్రం ఉన్నదే అడగండి, పళ్ళు స్ప్రింగ్‌యి కావాలె అని కూడ అడగండి. డీలర్ "రెండు ఒకటే" అంటే, ఆయన్ను పొద్దుమీకే దాక మడిల నిలబెట్టుర్రి.

నాకయితే ట్రాక్టర్ సీటు మీద కూసొని మెడ ఎనుకకు తిప్పుడు తగ్గింది. ఇరవై నిమిషాలకు ఒకసారి తిరిగి చూస్తున్న, ఇంతకుముందు ఇరవై సెకన్లకు ఒకసారి చూస్తుంటి. రాత్రి మెడకు జండూబామ్ రాసుడు లేదు, అది మా ఇంటామె గమనించింది, నేను కాదు.

మంచు ఆరింది, గడ్డి చేతుల పట్టుకుంటే గలగలమంటుంది. దులిపిన నా కట్ట మా బర్రెకు ఏసిన, ఆ పక్కోళ్ళ కట్ట కూడ పక్కన పెట్టిన, దేంట్ల మూతి పెడతదో మీరే చూస్తుండుర్రి. బండి స్టార్ట్ చేస్తున్న, తమ్మీ కెమెరా అటు తిప్పు.