మైనం సర్వల సర్వపిండి: ఫోమ్ అచ్చు మీద 120 డిగ్రీల ప్రీప్రెగ్

నమస్తే. డ్రోన్ రెక్కలు, రేస్ కార్ బాడీలు చేసే ఇంజనీరింగ్ పిల్లలది హన్మకొండ నుంచి మంచిర్యాల దాక ఒకటే మాట: "ఫోమ్ 80కే మెత్తవడ్తది, కార్బన్ ప్రీప్రెగ్‌కు 120 కావాలె, అల్యూమినియం అచ్చు కోపియ్యక తప్పది." ఈ మాట వింటే చిరాకు లేస్తది. ప్రీప్రెగ్ అంటే ముందే రెజిన్ అనే జిగురు పట్టించిన కార్బన్ గుడ్డ, వేడికి గట్టివడ్తది. 120 కావాల్సింది ఆ రెజిన్‌కు. అచ్చుకు కాదు.

సర్వపిండి యాది చేసుకోన్రి. పిండికి సర్వ ఎప్పటిదాక కావాలె? గట్టివడి, బోర్లిస్తే విరగకుండ ఊడొచ్చే దాక. ఆ తర్వాత పెనం మీదేసి ఇంకింత ఎర్రగ కాల్చుకుంటే సర్వతోని పనేంది? మన సర్వ మైనందనుకోన్రి. సన్నమంట మీద చానసేపు ఉంచాలె, పిండి నిలవడ్డంక బయటికి తియ్యాలె, అసలు మంట సర్వ లేకుండ పెట్టాలె.

ఇగ లెక్కలు. వేడి 10 డిగ్రీలు తగ్గితే రెజిన్ ఉడికే టైము దాదాపు రెట్టింపైతది. 120ల గంట పట్టేది 110ల రెండు, 100ల నాలుగు, 90ల ఎనిమిది, 80ల 16 గంటలు. ఇది ఉత్త అందాజే. డేటాషీట్‌ల 120 కింద "80 దగ్గర ఇన్ని గంటలు" అని ఇంకో లైన్ ఉందా చూడున్రి. ఉంటేనే ఈ దారి. లేకుంటే ఆ రెజిన్‌ల గట్టిపరిచే మందు 80ల సరిగ లేవదు, రెండు రోజులుంచినా జిగటే.

సర్వకు ఏ మైనం, అంటే అచ్చుకు ఏ ఫోమ్? థర్మకోల్ వద్దు. లేయర్లను అచ్చుకు అదిమేటందుకు పైన ప్లాస్టిక్ బ్యాగ్ కప్పి లోపలి గాలి గుంజుతం. ఆ వాక్యూమ్ పూర్తిగ గుంజితే చదరపు మీటరు మీద సుమారు 10 టన్నుల బరువు పడ్తది. మామూలు థర్మకోల్ చల్లగున్నప్పుడే దానికి నలుగుతది, వేడిల చెప్పేదేముంది. నీలం ఎక్స్‌పీఎస్ (గట్టి పాలీస్టైరీన్ ఫోమ్) షీట్ నయమే గాని దాని హద్దు 75 దగ్గర. బరువు కింద 65 దాటనియ్యొద్దు, అంటే 65ల ఉడికే ప్రీప్రెగ్‌కే అది. 80 కావాలంటే ఘనపు మీటరుకు 150 కిలోలకు పైనున్న పీయూ (పాలీయురిథేన్) ఫోమ్ బోర్డు తీసుకోన్రి, దాని డేటాషీట్‌ల వేడి హద్దు సూసుకోన్రి. పీయూ తేమ గుంజుకుంటది. వానకాలమైతే 50 డిగ్రీల కొన్ని గంటలు ఆరబెట్టాలె, లేకుంటే ఆ ఆవిరే లేయర్ల మధ్య బుడగలైతది.

ఫోమ్ మీద ఎపాక్సీ రెజిన్‌తోని రెండు లేయర్లు 200 గ్రాముల గ్లాస్ క్లాత్ ఏసి, గీకి, ముక్క అతుక్కోకుండ రిలీజ్ పూత పూయున్రి. ఎక్స్‌పీఎస్ మీద పాలియెస్టర్ రెజిన్ పొయ్యొద్దు, అందుల ఉండే స్టైరీన్ ఫోమ్‌ను తినేస్తది. బ్యాగ్‌ను అచ్చు అంచులకు అతికిస్తే ఫోమ్ లోపలి నుంచి గాలి లీకైతది. అచ్చు మొత్తాన్ని సంచిల వేసినట్టు మూయాలె. (సర్వపిండికి వేలుతోని పొక్కలు పెడ్తం. ప్రీప్రెగ్‌కు పెట్టకున్రి, పోలిక అక్కడికే.)

ఇప్పుడు అందరు మరిచేది. ఇత్తడి సర్వ వేడిని పిండికి అందిస్తది, ఫోమ్ అందియ్యదు. వేడి పైనుంచే వస్తది, అడుగు లేయర్ వెనుకవడ్తది. ఓవెన్ మీటర్‌ల 80 అంటే అచ్చు అంచుల 70 ఉండొచ్చు. థర్మోకపుల్‌ను (వేడి కొలిచే తీగ) లేయర్ల కింద, ఫోమ్‌ను తగిలేటట్టు పెట్టి, అది 80 సూపినంకనే గంటలు లెక్కవెట్టున్రి. మందం ఎక్కువుంటే ఇదే తిరగవడ్తది: రెజిన్ తన సొంత వేడిని ఫోమ్‌ల నుంచి బయటికి పంపలేక కుతకుతలాడ్తది. 4 మిల్లీమీటర్లు దాటితే వేడిని నిదానంగ పెంచాలె.

ఇంకోటి, సాగుడు. మీటరు ఫోమ్ 30 నుంచి 80కి పోతే సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతది. కార్బన్ దాంట్ల ఇరవయ్యో వంతు కూడ పెరగది. రెజిన్ గట్టివడేది పెరిగిన అచ్చు మీద, కాబట్టి ముక్క 3 మిల్లీమీటర్లు పొడుగొస్తది. అచ్చును ముందే అంత తక్కువ కోసుకోవాలె.

సరే, టైమైపోతంది. వాక్యూమ్ ఉంచే 50 కిందికి సల్లార్చి ఊడదియ్యున్రి. అంచుల కారిన రెజిన్‌ను అసిటోన్ గుడ్డతోని రుద్దితే జిగటొస్తే ఇంక ఉడకలేదు, అచ్చు మీదికే తిరిగి పంపున్రి. గట్టిగుంటే పోస్ట్‌క్యూర్, అంటే అచ్చు లేకుండ ఓవెన్‌ల రెండో కాల్పు: 60 నుంచి నిమిషానికి 0.3 డిగ్రీలు, 120 చేరేసరికి 3 గంటల 20 నిమిషాలు, అక్కడ ఇంకో గంట. ఎందుకింత నిదానమంటే, ముక్క మెత్తవడే వేడి ఎప్పుడూ ఓవెన్ వేడి కంటె ముందుండాలె. తొందరవడితే ఓవెన్ దాటిపోతది, రెక్క వంగుతది. పొడుగు ముక్కలకు కింద ఇసుక పరువున్రి.

180 డిగ్రీల ప్రీప్రెగ్‌కు ఈ దారి లేదు. ఫోమ్ మీద గది వేడిల గట్టివడే హై టెంపరేచర్ టూలింగ్ ఎపాక్సీతోని (ఎక్కువ వేడికి ఆగే, అచ్చులు చేసే రెజిన్) కార్బన్ అచ్చు తీసి, దాన్ని ఒక్కదాన్నే నిదానంగ 180 దాక పోస్ట్‌క్యూర్ చేసి, అందుల అసలు ముక్క చేసుకోవాలె. ఆదిలాబాద్ ఓజాలు డోక్రా బొమ్మకు మైనంతోని రూపం తీసి మట్టి అచ్చు కట్టినట్టే. గ్లాస్‌తోని తియ్యకున్రి, దాని సాగుడు వేరే.