పుట్టగొడుగుకి దగ్గరి చుట్టం చెట్టా, నీటికుక్కా?

[దృశ్యం: బిర్చ్ చెట్టు మొదట్లో తెల్ల మచ్చల ఎర్ర పుట్టగొడుగు. పక్కనే ఏరు. నీళ్లలోంచి నీటికుక్క తల పైకి లేస్తుంది.]

చెట్టు, దాని కింద ఫ్లై అగారిక్ అనే పుట్టగొడుగు, ఏట్లో నీటికుక్క. ఈ మూడింటిలో దగ్గరి చుట్టాలు ఏ రెండు?

చెట్టూ పుట్టగొడుగూ అనేశారా? తప్పులేదు. 1753లో జీవుల్ని వర్గాలుగా సర్దిన శాస్త్రవేత్త లిన్నేయస్ కూడా పుట్టగొడుగుల్ని మొక్కల లెక్కలోనే రాసుకున్నాడు. మట్టిలోంచి వస్తుంది, కదలదు, ఇంకేమనుకోవాలి!

కానీ జన్యువుల లెక్క వేరేలా తేలింది. పుట్టగొడుగుకి దగ్గరి బంధువు నీటికుక్కే. వంద కోట్ల ఏళ్లకు పైగా వెనక్కి వెళ్తే ఈ రెండింటి పూర్వీకులూ ఒకే ఏకకణ జీవిలో కలుస్తారు. చెట్టు దారి అంతకన్నా ముందే చీలిపోయింది.

[క్లోజప్: నీటికుక్క ముందుకాళ్లతో పీతను పట్టుకుని నములుతోంది. కరకర చప్పుడు.]

ఈ చప్పుడు వినండి. పీత డిప్పలో కైటిన్ అనే పదార్థం ఉంటుంది. పుట్టగొడుగు కణాల గోడల్లో ఉండేదీ అదే. చెట్టు మాత్రం సెల్యులోజ్‌తో గోడ కట్టుకుంటుంది. నీటికుక్క కణాలకైతే అసలు గోడలే లేవు, ఇక్కడ చుట్టరికం కుదరదు. మిగులు తిండి దాచుకోవడంలో మళ్లీ కలుస్తారు. చెట్టు పిండిపదార్థంగా దాస్తే, వీళ్లిద్దరూ గ్లైకోజెన్‌గా దాస్తారు. ఎండతో వంట చేసుకోవడం ఇద్దరికీ రాదు.

మరి ఎలా బతుకుతారు? నీటికుక్క వేటాడుతుంది. ఫ్లై అగారిక్ గడుసుది. మనకు కనిపించే గొడుగు దాని కాయ లాంటిది, అంతే. అసలు ఒళ్లు మట్టిలో పరుచుకున్న సన్నటి పోగులు. అవి బిర్చ్ వేళ్ల చివర్లను తొడుగులా చుట్టేసి, నీళ్లూ ఖనిజాలూ ఇచ్చి, బదులుగా చక్కెర పుచ్చుకుంటాయి.

[దృశ్యం: వాన మొదలవుతుంది.]

ఆ తెల్ల మచ్చలు రంగు కాదు. మొగ్గగా ఉన్నప్పుడు కప్పిన పొర చిరిగి మిగిలిన పేలికలు. గట్టి వాన పడితే కొట్టుకుపోతాయి, మచ్చలు లేని ఎర్ర గొడుగు మిగులుతుంది. నీటికుక్కకు ఆ టెన్షన్ లేదు. యురేషియా నీటికుక్కకు చదరపు సెంటీమీటరుకు పదుల వేల వెంట్రుకలుంటాయి. వాటి మధ్య చిక్కిన గాలి వల్ల చర్మం దాకా నీరు చేరదు.

[దృశ్యం: ఒడ్డున రాయి మీద నీటికుక్క రెట్ట. అందులో చేప పొలుసులు, పీత డిప్ప ముక్కలు.]

మొహం చిట్లించకండి, ఇది నీటికుక్క సరిహద్దు గుర్తు. ఏటిలోని నత్రజని, భాస్వరం ఒడ్డెక్కే దారుల్లో ఇదీ ఒకటి. వానకు కరిగి మట్టిలోకి దిగినదాన్ని పోగులు పీల్చుకుంటాయి. అందులో కొంత బిర్చ్‌కి చేరుతుంది, చక్కెరకు మారుబేరంగా.