ఇస్త్రీ బండి కాదు, రైటింగ్ సెంటర్! | అనంతపురంలో రెండు వారాలు

హాయ్ అందరికీ, బాగుండారా? ఈసారి వీడియో డల్లాస్ నుంచి కాదు, మా అనంతపురం నుంచి. పొద్దున ఎనిమిదైంది, సప్తగిరి సర్కిల్ దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటాండా. చీరల షాపింగ్ చూపించమని అడిగినవాళ్లు కొంచెం ఆగండి, ఇవాళ కాలేజీకి పోతాండాం.

మా ఫ్రెండ్ ఇక్కడ ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ లెక్చరర్. ఇంటర్లో ఇద్దరిదీ ఒకే బెంచీ. తన పేరు, కాలేజీ పేరు చెప్పొద్దని ముందే ఒట్టు వేయించుకుంది. వాళ్ల కాలేజీలో పిల్లల రాతపనికి సాయం చేసేదానికి రైటింగ్ సెంటర్ అని ఒకటి పెట్టి దాన్ని ఈమె నెత్తిన వేసినారు. "అమెరికాలో నువ్వు చేసిన పనే కదే, ఒకసారి వచ్చి చూడు" అనింది. నిజమే, ఎమ్మెస్ చదివేటప్పుడు మా యూనివర్సిటీ రైటింగ్ సెంటర్లో ట్యూటర్‌గా చేసినా. స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని. నా రూమ్మేట్లు క్యాంటీన్లో గిన్నెలు కడుగుతుంటే నాకు ఏసీ రూమ్‌లో కుర్చీ దొరికింది. వాళ్లు ఇప్పటికీ దెప్పుతారు.

ఆటో ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి పోతాంది, చూడండి. 1916లో ఇది దత్త మండల కళాశాల. నిజాం ఇంగ్లిషోళ్లకి అప్పగించిన జిల్లాలు కాబట్టి దత్త మండలాలు అనేవాళ్లు. 1928లో నంద్యాల సభలో ఆ పేరు వద్దు, రాయలసీమ అందామని చెప్పిన చిలుకూరి నారాయణరావు గారు ఈ కాలేజీలోనే పాఠాలు చెప్పినారు. ఈ గోడ కనిపిస్తే నాకు అదే గుర్తొస్తుంది. సరే, అసలు సంగతికి వస్తా.

సెంటర్ అంటే లైబ్రరీ పక్కన చిన్న గది. మొన్నటిదాకా అందులో క్రికెట్ కిట్లు పెట్టేవాళ్లంట. తలుపు మీద కాగితం: "రిపోర్టులు ఇక్కడ సరిచేయబడును". లోపల టేబుల్ మీద రిపోర్టుల దొంతర. పిల్లోళ్లు వచ్చి పెట్టిపోతారు. మా ఫ్రెండ్ సాయంత్రం వాటిని ఇంటికి మోసుకుపోయి, అన్నాలు అయినాక ఎర్ర పెన్నుతో దిద్దుతుంది. మూడో రోజు వచ్చి తీసుకుపోతారు. ఇస్త్రీ బండి దగ్గర బట్టలు ఇచ్చినట్టే. మళ్లీ నెల వాళ్లే వస్తారు, అవే మడతలతో.

ఇంత రద్దీ ఎందుకంటే, 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం చేసినారు. ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లలు వీళ్లలో చాలామంది. దానికితోడు మొదటి సంవత్సరం అయినాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ అని 180 గంటలు ఊర్లో తిరిగి రిపోర్టు రాయల్ల. ఆ తర్వాత ఇంటర్న్‌షిప్, దానికింకో రిపోర్టు.

మొదటి రోజు కళ్యాణదుర్గం పక్కనుంచి వచ్చే ఒక అబ్బాయి కూర్చున్నాడు. రిపోర్టు తెరిస్తే మొదటి వాక్యం "వాటర్ ఈజ్ వెరీ ఎసెన్షియల్ ఫర్ హ్యూమన్ లైఫ్". మూసేసి అడిగినా, "నువ్వు ఊర్లో ఏం చూసినావప్పా?"

అంతే, ఇంక ఆగలా. "మేడమ్, ఒకాయన 700 అడుగులు బోరు వేసినా దుమ్మే వచ్చె. పక్క చేన్లో నీళ్లు పడినాయని దాని పక్కనే ఇంకోటి వేసినాడు, అదీ పడలా. వాళ్లావిడ మెళ్లో గొలుసు పోయింది. ఇప్పుడు ఆ ఇద్దరు చేన్లోళ్లకి మాటల్లేవు."

"ఇదంతా రిపోర్టులో యాడుంది?"

"అది ఇంగ్లిష్‌లో రాదు మేడమ్."

మా ఫ్రెండ్ ఆ రిపోర్టుని అప్పటికే దిద్ది ఉంది. తప్పులన్నీ పోయినాయి, ఆ బోరు మాత్రం అందులోకి రాలా. ఆ రోజు మధ్యాహ్నం మేమిద్దరం బాగా కొట్లాడినాం. పిల్లోడు రాసింది మనం దిద్దడం కాదు, వాడి చేతనే రాయించల్ల అని నేను. "ఒక్కొక్కరికి అరగంట కూర్చుంటే నా క్లాసులు ఎవరు చెప్తారు, నువ్వా?" అని ఆమె.

ఆమె మాటే కరెక్ట్ అని రెండో రోజు తేలింది. ఇంకో సంగతీ తేలింది. అమెరికాలో మాకు నేర్పించిన పద్ధతి ఏందంటే, స్టూడెంట్ పెన్ను ముట్టుకోవద్దు, జవాబు చెప్పొద్దు, ప్రశ్నలే అడగల్ల, తన రాత తనే పైకి చదివితే తప్పు తనకే వినపడుతుంది. నేను ఇక్కడా అదే చేసినా. "ఈ వాక్యం నీకెట్లనిపిస్తాంది?" అంటే పిల్లలు కాళ్ల వైపు చూస్తారు. ఒక అమ్మాయి బయటికి పోయి "ఆ అమెరికా మేడమ్‌కి ఇంగ్లిష్ రాదేమోనే, అన్నీ మనల్నే అడుగుతాంది" అనిందంట! నవ్వకండి.

కానీ ఆ అమ్మాయి తప్పు లేదు. పుట్టినప్పటి నుంచి ఇంగ్లిష్ విన్నోళ్లకి చెవి పట్టిస్తుంది. మన తెలుగులో "ఎ", "ది" లాంటివి లేనే లేవు, చెవి ఎట్లా పట్టిస్తుంది? నేను కూడా అక్కడికి పోయిన కొత్తలో ఆ కుర్చీకి ఇవతల కూర్చుని, చెప్పకుండా అడుగుతాందే ఈమె అని కుళ్లుకున్నదాన్నే. మర్చిపోయినా.

అందుకని విడదీసినాం. విషయం గురించి అయితే అడగడమే, అదీ తెలుగులో. వాళ్లు చెప్తాంటే ముక్కలు ముక్కలుగా రాసి పెట్టుకోనివ్వడం. గ్రామర్ అయితే సూటిగా చెప్పేయడం, కాకపోతే ఒక్కసారికి ఒక్కటే. రెండు వాక్యాల్లో మనం చూపిస్తాం, మూడోది తనే చూసుకోవల్ల. మిగతా తప్పులు కనపడినా నోరు మూసుకోవడం. మా ఫ్రెండ్‌కి ఇదే అన్నిటికన్నా కష్టం, చెయ్యి దురదపెడుతుందంట.

టైమ్ సంగతి ఫైనల్ ఇయర్ పిల్లలతో తీరింది. ఆరుగురిని ట్యూటర్లుగా తీసుకున్నాం. మార్కులు చూడలా, ఎదుటోళ్లు మాట్లాడేటప్పుడు ఎవరు మధ్యలో అడ్డు రాకుండా వింటారో చూసినాం. వచ్చినవాళ్లలో ఒక టాపరు పాప రెండు నిమిషాలకే పెన్ను లాక్కునేది. "చేతులు కట్టుకో తల్లీ" అంటే నిజంగానే కట్టుకుని కూర్చుంది, పాపం. వీళ్లకి డబ్బులు ఇవ్వాలని నా వాదన. అక్కడ మాకు గంటకింత ఇచ్చేవాళ్లు. ప్రిన్సిపాల్ గారు సర్టిఫికెట్ ఇస్తామన్నారు. ఇది నాకు నచ్చలా, ఇంకా అడుగుతాండాం.

కుర్చీలు ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన వేసినాం. ఒక నోటు బుక్కు పెట్టినాం: తేదీ, ఏ గ్రూపు, దేనికొచ్చినారు, ఏం చేసినాం. వారం తిరిగేసరికి ఆ బుక్కే మాకు పాఠం చెప్పింది. సాయంత్రం నాలుగున్నర స్లాట్ ఖాళీ, ఎందుకంటే పల్లెల పిల్లలకి ఆర్టీసీ బస్సు టైమ్ అది. దాన్ని భోజనాల బెల్లుకి మార్చినాం, నిండిపోయింది. ఇంకోటి, అందరూ సబ్మిషన్‌కి ముందు రెండు రోజులే ఎగబడతారు. అందుకని ఒక్క పేజీ రాసినా చాలు, వచ్చేయమని క్లాసుల్లో చెప్పించినాం. పూర్తి రిపోర్టు తెస్తే తీసుకోం.

చాట్‌జీపీటీ రాసిచ్చినవి కూడా వస్తాయి. మేం పోలీసులం కాదు. పైకి చదవమంటాం. ఒక నోరు తిరగని మాట దగ్గర ఆగి వాళ్లే నవ్వేస్తారు. అప్పుడు తెలుగులో మొదలు.

బోరు అబ్బాయి మూడుసార్లు వచ్చినాడు. ఇప్పుడు రిపోర్టు మొదటి వాక్యంలోనే 700 అడుగులు ఉంది. ఇంకా రెండు తప్పులున్నాయి, ఉండనీ.

రెండు వారాలు అయిపోయినాయి, సెంటర్లో నా ఆఖరి రోజు. కెమెరా సర్దుకుంటాంటే మళ్లీ వాడే, చేతిలో రిపోర్టు లేదు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసినాడు. వాళ్ల చేన్ల కాడ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పది రోజులైందంట, కరెంటాఫీసు ఏఈకి అర్జీ రాయల్ల.

"ఇది తెలుగులో రాసేది మేడమ్. ఇక్కడ చూస్తారా?"

మా ఫ్రెండ్ నన్ను చూసింది, నేను తలుపు మీద కాగితాన్ని చూసినా. ఆమె పక్క కుర్చీ లాగింది. "కూర్చో. ముందు ఏం జరిగిందో చెప్పు."