కుందేలు కన్ను, కనురెప్పల రంగు

శ్రోతలకు నమస్కారం.

సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించిన వారంతా దయలేనివారేనని అనుకోవడం సులువు; కాని ఆ పరీక్షల వెనక ఒక నిజమైన భయం ఉంది. 1930ల ఆరంభంలో అమెరికాలో లాష్ లూర్ అనే కనురెప్పల రంగు వేసుకున్న కొందరు స్త్రీలకు చూపు పోయింది, ఒకరి ప్రాణమే పోయింది. అటువంటి సరుకును అదుపు చేసే అధికారం ప్రభుత్వానికి 1938 చట్టంతో గాని రాలేదు. ఆ చట్టం జంతువులపై పరీక్షలు చేయమని ఎక్కడా చెప్పలేదు. అయినా 1944లో జాన్ డ్రేజ్ అనే ప్రభుత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కుందేలు కంటిపై ప్రకటించిన పరీక్ష కొన్ని దశాబ్దాల పాటు కొలబద్దగా నిలిచింది.

ఆ పరీక్షలో కుందేలును కదలకుండా పట్టి ఉంచి, ఒక కంటి కింది రెప్పను లాగి, మిల్లీలీటరులో పదోవంతు పదార్థాన్ని అందులో వేస్తారు. రెండో కంటిని పోల్చి చూడడానికి వదిలేస్తారు. మూడు రోజులు, అవసరమైతే మూడు వారాలు, ఎరుపును, వాపును, స్రావాన్ని, కార్నియా, అంటే కంటి ముందున్న పారదర్శకమైన పొర, మసకబారడాన్ని చూసి మార్కులు వేస్తారు. మొత్తం 110 మార్కులలో 80 కార్నియాకే. ఇంతా చేస్తే, ఒకే పదార్థానికి వేర్వేరు ప్రయోగశాలలు వేర్వేరు మార్కులు వేసిన సందర్భాలున్నాయి.

1980లో హెన్రీ స్పైరా అనే ఉద్యమకారుడు రెవ్లాన్ కంపెనీని నిలదీస్తూ పత్రికలో పూర్తి పేజీ ప్రకటన వేయించాడు. ఆ ఒత్తిడికి ఆ కంపెనీయే ప్రత్యామ్నాయ పరిశోధనకు డబ్బిచ్చింది. నేడు మనిషి చర్మకణాలతో ప్రయోగశాలలో పెంచిన పొరల మీద చర్మపు మంటను పరీక్షించే పద్ధతికి అంతర్జాతీయ గుర్తింపు ఉంది. మందు కోసం చేసే పరీక్షకు రోగి ప్రాణాన్ని సమాధానంగా చూపవచ్చు. ఇప్పటికే వందల ఛాయలున్న లిప్‌స్టిక్‌కు మరొక ఛాయ చేర్చడానికి అటువంటి సమాధానం ఏదీ నాకు కనిపించదు.

మన దేశం 2014లోనే ఈ పరీక్షలను నిషేధించింది. జంతువులపై పరీక్షించిన సాధనాల దిగుమతిని కూడా అదే ఏడాది ఆపింది. కనుక ఇక్కడ తయారై ఇక్కడే అమ్ముడయ్యే సబ్బు మీద 'జంతువులపై పరీక్షించలేదు' అని గొప్పగా అచ్చువేయడమంటే, చాలావరకు చట్టాన్ని పాటిస్తున్నామని చాటుకోవడమే!

చిక్కు ముడిపదార్థాల దగ్గర ఉంది. యూరప్ 2013 నాటికి నిషేధాన్ని పూర్తి చేసింది. అయినా 2023 నవంబరులో అక్కడి న్యాయస్థానం, సన్‌స్క్రీన్‌లో వాడే రెండు పదార్థాలపై జంతు పరీక్షలు కోరవచ్చని తీర్పు చెప్పింది. వాటిని కర్మాగారంలో రోజూ తాకే కార్మికుల భద్రతకు రసాయనాల చట్టం వేరే ఉందన్నది దాని తర్కం. కార్మికుడి ఆరోగ్యాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. గర్భస్థ శిశువు మీద పడే ప్రభావాన్ని పూర్తిగా తేల్చే, ప్రయోగశాలలో పెంచిన చర్మపు పొర ఇంకా లేదన్నదీ నిజమే. అయితే ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న పదార్థం గురించి అది తయారుచేసిన కార్మికుల ఆరోగ్య వివరాలే ఎంతో చెప్పగలవు. వాటిని శ్రద్ధగా సేకరించి, పరిశీలించి, అప్పటికీ సందేహం మిగిలితే, ఆ పదార్థం లేకుండా సన్‌స్క్రీన్ తయారుచేయలేమా అని కంపెనీని అడగడం నా దృష్టిలో మొదట జరగవలసిన పని.