సంగటికి మారినా షుగర్ ఎందుకు తగ్గలేదు?

హోస్ట్: పలమనేరు నుంచి ఒకాయన వాయిస్ మెసేజ్ పెట్టారు. అన్నం పూర్తిగా మానేసి రెండు పూటలా రాగి సంగటే తింటున్నారంట. అయినా హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష, కదల్లేదు, బరువూ తగ్గలేదు. తిరుపతిలో కూడా చాలా ఇళ్లలో ఇదే కథ. అక్కా, మీరు డైటీషియన్ కదా, మీరే చెప్పండి. షుగర్‌కు సంగటి మంచిదనే కదా మేమంతా నమ్మేది?

డైటీషియన్: మంచిదే నాయనా, కానీ మందు కాదు. మీ ఇంట్లో సంగటి ఎట్లా చేస్తారో చెప్పు ముందు.

హోస్ట్: బియ్యం మెత్తగా ఉడికించి, పైన రాగిపిండి పోసి, కాసేపు మూత పెట్టి, కట్టెతో కెలుకుతారు.

డైటీషియన్: చూశావా, గిన్నెలో మొదట పడింది బియ్యమే! వంద గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాములు పిండిపదార్థమే. రాగుల్లో అది 67 దాకా ఉంటుంది. పీచు, కాల్షియం రాగుల్లోనే చాలా ఎక్కువ, అది నిజం. కానీ మనం రాగులను మెత్తగా మర పట్టిస్తాం, మెత్తగా ఉడికిస్తాం, పైగా నమలకుండా పులుసులో ముంచి మింగేస్తాం. ఒక పెద్ద ముద్దకు బియ్యం, పిండి కలిపి వంద గ్రాములు పట్టాయనుకో, కార్బ్స్, అంటే పిండిపదార్థం, 70 గ్రాములు. రెండు ముద్దలకు 140. రోజు మొత్తం మీద 130 గ్రాములు దాటకపోతేనే లో-కార్బ్ అంటారు. ఆయన మధ్యాహ్నానికే ఆ గీత దాటేశారు.

హోస్ట్: రాత్రికి మళ్లీ రెండు ముద్దలు. పొద్దున ఇడ్లీ లెక్కలోకే రాలేదు.

డైటీషియన్: సాయంత్రం టీ, బిస్కెట్లు కూడా వేసుకో. ఇది ఆయన ఒక్కడి తప్పు కాదులే. మన దేశంలో తినే తిండిలో దాదాపు 62 శాతం కేలరీలు కార్బ్స్ నుంచే వస్తున్నాయని ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే లెక్క తేల్చింది. అదే సర్వే 2023లో దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని చెప్పింది.

హోస్ట్: మా అమ్మ కాఫీలో చక్కెర మానేసి చిత్తూరు బెల్లం వేసుకుంటోంది...

డైటీషియన్: బెల్లమూ చక్కెరే. తర్వాత అడుగు.

హోస్ట్: (నవ్వు) సరే, ముద్ద తీసేస్తే ఇక పళ్లెంలో ఏం మిగులుతుందక్కా?

డైటీషియన్: అడగాల్సింది అదే. చాలామంది ముద్ద తగ్గిస్తారు, దాని చోటులో ఏమీ పెట్టరు. నాలుగింటికి ఆకలేసి మిక్చర్ పొట్లం విప్పుతారు. ముద్దను సగం చెయ్, పులుసులో ముక్కలు రెట్టింపు చెయ్. నాటుకోడి, చేప, గుడ్డు వీటిలో కార్బ్స్ దాదాపు ఉండవు. శనివారం నీచు ముట్టని ఇళ్లలో పెరుగు, పనీరు, మీల్‌మేకర్ ఉన్నాయి. బీరకాయ, సొరకాయ, గోంగూర ఎంత తిన్నా పర్వాలేదు. ఉలవలు, అలసందల్లో ప్రొటీన్, పీచు ఉన్నాయి కానీ పిండి కూడా ఉంది. అందుకని వాటిని ముద్దకు బదులు తినాలి, ముద్దతో పాటు కాదు.

హోస్ట్: శనక్కాయ పచ్చడి? అది లేకపోతే మాకు తిన్నట్టే ఉండదు.

డైటీషియన్: షుగర్‌ను పెద్దగా పెంచదు. బరువు సంగతి వేరే. వంద గ్రాముల శనక్కాయల్లో 560 కేలరీల పైనే ఉంటాయి. గరిటెతో కాదు, చెంచాతో వేసుకోవాలి.

హోస్ట్: కార్బ్స్ తగ్గించిన కొంతమంది మొదటి వారమే మూడు కిలోలు తగ్గామంటారు.

డైటీషియన్: అందులో ఎక్కువ భాగం నీళ్లే. ఒంట్లో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉన్న చక్కెర ఖర్చవుతుంటే దానితో ఉన్న నీరు కూడా పోతుంది. తూకం కంటే నడుము కొలత చూసుకోండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. ఇంకో మాట, రోజుకు కార్బ్స్ 20, 30 గ్రాములకు దించే కీటో డైట్‌ను నేను సలహా ఇవ్వను. మొదటి ఆరు నెలలు లో-కార్బ్ ఫలితం బాగా కనిపిస్తుంది, ఏడాది తిరిగేసరికి మిగతా డైట్లతో తేడా తగ్గిపోతుందని పరిశోధనలు చెప్తున్నాయి. సంక్రాంతికీ ఉగాదికీ తట్టుకోలేని డైట్ ఎందుకు?

హోస్ట్: అంటే ఈ ఎపిసోడ్ విని రేపటి నుంచే ముద్ద సగం చేసేయొచ్చా?

డైటీషియన్: ఆగు, ఆగు. మాత్రలేం వేసుకుంటున్నారో చూడకుండా వద్దు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రో, ఇన్సులినో వాడేవాళ్లు తిండి తగ్గించి డోసు అలాగే ఉంచితే షుగర్ 70 కిందికి పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వేసుకుంటూ కార్బ్స్ బాగా కోసేస్తే కీటోయాసిడోసిస్, అంటే రక్తంలో ఆమ్లాలు పేరుకుపోవడం, వచ్చే ప్రమాదం ఉంది. రీడింగ్ మామూలుగా కనిపిస్తూనే వాంతులు, ఆయాసం మొదలవుతాయి. అప్పుడు ఇంట్లో కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. టైప్ 1 వాళ్లు, గర్భిణులు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు సొంతంగా ఏమీ మార్చకండి. మాత్రల చీటీ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎంత తగ్గించాలనుకుంటున్నారో చెప్తే డోసు ఆయన చూస్తారు.

హోస్ట్: మన ఊళ్లో ఇంకొకటి ఉందక్కా. శనివారం ఉపవాసం ఉండి, పొద్దున్నే మాత్ర వేసుకుని అలిపిరి మెట్లెక్కుతారు.

డైటీషియన్: 3,550 మెట్లు, ఖాళీ కడుపు, పైన మాత్ర! ఉపవాసం రోజు మాత్ర సంగతి ముందే డాక్టర్‌ను అడిగి పెట్టుకోవాలి. ఎక్కేటప్పుడు ఒంటరిగా పోవద్దు. జేబులో గ్లూకోజ్ పొడి ఉండాలి. చేతులు వణికినా, చెమటలు పట్టినా, కళ్లు తిరిగినా అక్కడే మెట్టు మీద కూర్చుని మూడు చెంచాల పొడి నీళ్లలో కలుపుకుని తాగాలి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ తాగాలి, పక్కవాళ్లను పిలవాలి.

హోస్ట్: ఉపవాసం ఉన్నాం కదా, తాగితే ఎలా అంటారేమో.

డైటీషియన్: తాగమనే చెప్పు. స్వామి ఏమీ అనుకోడు.