హెర్గ్ యాంటీబాడీ రివ్యూ: రెండు గీతలొస్తే కంగారెందుకు?

స్క్రీన్ మీద ఈ బ్లాట్ చూడండి. అంటే ప్రోటీన్లను జెల్‌లో సైజు ప్రకారం వేరుచేసి, షీటు మీదికి దించి, మనకు కావలసినదాన్ని యాంటీబాడీతో పట్టుకునే పరీక్ష. సైజు చూపే మార్కర్‌లో 150 కిలోడాల్టన్ల దగ్గర ఒక గీత, దాని కిందే ఇంకోటి. "ఏటిది, రెండొచ్చాయి? యాంటీబాడీ పాడైపోయిందా?" అని ఎచ్చెర్లలోనైనా విజయనగరంలోనైనా ప్రాజెక్టు పిల్లలు ముందు అడిగేది ఇదే. పాడవలేదు. హెర్గ్ అంటేనే రెండు గీతలు.

ఈరోజు మన ముందున్నది కుందేలు పాలీక్లోనల్, అంటే కుందేలు తయారుచేసిన రకరకాల యాంటీబాడీల కలగలుపు. మనిషి హెర్గ్ ప్రోటీన్ సి-టెర్మినస్ (చివరి కొస) ముక్కతో చేసిన రకం, ట్యూబులో పొడిగా వస్తుంది. హెర్గ్ గుండె కణాల నుంచి పొటాషియాన్ని బయటికి వదిలే ఛానల్, జీన్ పేరు కేసీఎన్‌హెచ్2. 1159 అమైనో ఆమ్లాలు, లెక్క ప్రకారం 127 కిలోడాల్టన్లు. కణంలో ప్రోటీన్ తయారయ్యే ఈఆర్‌లో ఉన్నప్పుడు దానికి అంటిన చక్కెర తక్కువ కాబట్టి 135 దగ్గర కనిపిస్తుంది. తర్వాతి మజిలీ గోల్జీ దాటితే చక్కెర గొలుసు పెరిగి 155కి వెళ్తుంది. అంటే పై గీత ముదిరినది, కింది గీత ఇంకా దారిలో ఉన్నది. గుండె లయ తప్పే జన్యు జబ్బు లాంగ్ క్యూటీ టైప్ 2 మ్యుటేషన్లు చాలావాటిలో కింది గీత ఒక్కటే మిగులుతుంది. ఈ యాంటీబాడీ కొనడానికి అసలు కారణం అదే. పెంటమిడిన్, ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ లాంటి మందులు ఛానల్ కణం పైపొరకు చేరకుండా ఆపుతాయి. కాసేపు మందు పోసి ప్యాచ్ క్లాంప్ (కణం కరెంటు కొలవడం) చేస్తే అది తెలియదు. రాత్రంతా మందులో ఉంచిన కణాల బ్లాట్‌లో పై గీత పలచబడితే తెలుస్తుంది.

ఇప్పుడు ఎక్కువమంది చేసే తప్పు. శాంపిల్‌ని 95 డిగ్రీల్లో మరిగించడం. లోడింగ్ సరిచూడ్డానికి వాడే ఆక్టిన్ ప్రోటీన్‌కి పనికొచ్చే అలవాటు ఇక్కడ కొంప ముంచుతుంది. కణం పొరలో ఉండే ప్రోటీను, వేడికి ముద్దకట్టి జెల్‌లో శాంపిల్ పోసే గుంట (వెల్) అంచులోనే ఆగిపోతుంది. జెల్ పైన నల్లటి మరక, కింద ఖాళీ. లోడింగ్ బఫర్‌లో అప్పుడే కలిపిన 100 మిల్లీమోలార్ డీటీటీ (ప్రోటీన్ బంధాలు విడగొట్టే రసాయనం) వేసి, 37 డిగ్రీల్లో అరగంట ఉంచండి, చాలు.

జెల్ 7.5 శాతం. 75 మార్కర్ అడుక్కి వచ్చేదాకా నడపండి, లేకపోతే రెండు గీతలూ అతుక్కుని ఒకటే లావు గీతలా కనిపిస్తాయి. అప్పటికి ఆక్టిన్ జెల్ దాటిపోతుంది కాబట్టి లోడింగ్ సరిచూసుకోడానికి షీటు మీది ప్రోటీన్లన్నీ చూపే పాన్సో రంగు వేసుకోండి. హెర్గ్ జీన్ పెట్టిన హెచ్ఈకే కణాలైతే (ల్యాబులో పెంచే మనిషి కిడ్నీ కణాలు) వెల్‌కి 20 మైక్రోగ్రాములు చాలు. టిష్యూ అయితే కణాల పొర భాగం వేరుచేసి 50 వేయాలి.

జెల్‌లోంచి ట్రాన్స్‌ఫర్ పీవీడీఎఫ్ షీటు మీద. పుస్తకాల్లో 30 వోల్టులు రాత్రంతా అని ఉంటుంది. వేసవిలో మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో, మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? పగలే 100 వోల్టులు, 90 నిమిషాలు, ట్యాంకులో ఐసు ప్యాకు, మధ్యలో ఒకసారి ఐసు మార్చండి. 5 శాతం పాలపొడితో గంట బ్లాక్ చేసి, ప్రైమరీ (ఈ హెర్గ్ యాంటీబాడీ) 1:500, 4 డిగ్రీల్లో రాత్రంతా. డేటాషీటులో "రూమ్ టెంపరేచర్" అన్నది 20 నుంచి 25. మే నెల శ్రీకాకుళం గది దానికి లెక్కలోకి రాదు.

ట్యూబు తెరిచేముందు ఒక్క చిటికెడు ఓపిక. పొడి మూతకి అంటుకుని ఉంటుంది, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అప్పుడు తెరవండి. చెప్పినంత నీళ్ళలో కరిగించి, 10 మైక్రోలీటర్లుగా పంచి, మైనస్ 20లో పెట్టండి. ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రీజర్ వద్దు, అది తనంతట తానే వేడెక్కి చల్లబడుతుంటుంది. పొడిగా ఉన్నప్పుడు కొరియర్‌లో ఐసు కరిగినా పెద్ద నష్టం లేదు. కరిగించాక ఆ వెసులుబాటు ఉండదు.

కంట్రోల్ దగ్గర కొంచెం కఠినంగానే మాట్లాడాలి. సీసాతో ఇచ్చే బ్లాకింగ్ పెప్టైడ్ వేస్తే గీత మాయమవుతుంది, నిజమే. కానీ తప్పుడు ప్రోటీన్‌కి అంటుకున్న గీత కూడా అలాగే మాయమవుతుంది. హెర్గ్ పెట్టని హెచ్ఈకే కణాలు పక్క వెల్‌లో ఉండాల్సిందే. దానితోపాటు ముదరని చక్కెరను మాత్రమే కోసే ఎండో హెచ్ ఎంజైమ్ వేయండి: 135 కిందికి జారాలి, 155 కదలకూడదు. చక్కెరంతా కోసేసే పీఎన్‌గేజ్ ఎఫ్‌కి రెండూ దిగి ఒకే గీతవుతాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ ఎంజైమ్ కిట్ల ప్రోటోకాల్ ముందుగా 100 డిగ్రీల్లో 10 నిమిషాలు వేడి చేయమంటుంది. ఆ మెట్టు ఇక్కడ 37 డిగ్రీల్లోనే చేయండి, లేకపోతే ముద్దకట్టే తంటా మళ్ళీ మొదటికొస్తుంది.

95, 85 దగ్గర ఇంకో జత కనిపిస్తే అది చెత్త అని వెంటనే తీసిపారేయకండి. హెర్గ్ 1బి అని 819 అమైనో ఆమ్లాల పొట్టి రూపం ఉంది, దాని సి-టెర్మినస్ కూడా ఇదే.

బతికున్న కణాల మీద రంగు వేయడానికి మాత్రం దీన్ని కొనకండి. అంటుకునే చోటు కణం లోపల ఉంది. 0.1 శాతం ట్రైటాన్ డిటర్జెంట్‌తో పొర తెరిస్తే లోపలికి పోతుంది, కానీ అప్పుడు ఈఆర్‌లోదీ పొరమీదదీ కలిసే వెలుగుతాయి. పొరమీదదే కావాలంటే ఛానల్ పొరను దాటే ఎస్1, ఎస్2 ముక్కల మధ్య బయటి లూప్‌కి చేసిన యాంటీబాడీ వెతకండి.

మిగిలిన ప్రైమరీ డైల్యూషన్ పారబోయకండి, పాడవకుండా 0.02 శాతం సోడియం ఎజైడ్ వేసి ఫ్రిజ్‌లో పెడితే ఇంకో రెండుసార్లు వస్తుంది. ప్రైమరీకి అంటుకునే సెకండరీ యాంటీబాడీలో మాత్రం ఎజైడ్ వేయకూడదు. దానికి తగిలించిన, గీతను కనిపించేలా చేసే హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్ చచ్చిపోయి బ్లాట్ తెల్లకాగితంలా వస్తుంది, నింద పాపం యాంటీబాడీ మీద పడుతుంది.