అత్తయ్యను దేవతను చేయకండి

పెద్దలకు, బంధువులకు, స్నేహితులకు నమస్కారం.

ఈ సంస్మరణ సభలో ఇందాకటి నుంచి మాట్లాడినవాళ్లంతా పోయిన మా మేనత్తను దేవత అన్నారు. ప్రేమతోనే అన్నారు, కాదనను. కానీ ఆవిడ వినుంటే "చాల్లే, నేనెప్పుడయ్యానురా దేవతను?" అని కసిరేది. అత్తయ్యకు కోపం ముక్కు మీదే ఉండేది. ఫోన్ ఎత్తితే హలో అనేది కాదు, "ఇన్నాళ్లకు గుర్తొచ్చానా?" అనేది. అబద్ధం చెబితే నలుగురిలోనే కడిగేసేది. అలా కడిగేసిన మనిషి కష్టంలో ఉంటే అందరికంటే ముందు వెళ్లేదీ ఆవిడే. ఆ కసురు, ఆ దెప్పిపొడుపు తీసేస్తే మిగిలేవి ఎవరి ఫొటో కిందైనా రాసుకోగలిగే నాలుగు మంచి మాటలు. అందులో మా అత్తయ్య ఉండదు.

ఇంకొందరు మామయ్యతో "ఎన్నాళ్లని తలచుకుంటారు, మర్చిపోవాలి" అంటున్నారు. ఈ సలహా కొత్తది కాదు. 1917లో మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్, పోయిన మనిషి మీది మమకారాన్ని మనసు కొద్దికొద్దిగా వదులుకోవడమే శోకం చేసే పని అని రాశాడు. చాలాకాలం ఆ మాటే చెల్లింది. 1996లో డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ అనే పరిశోధకులు దాన్ని ప్రశ్నించారు. చాలామంది పోయినవాళ్లతో బంధం తెంచుకోరు, దాని రూపం మార్చుకుంటారని చెప్పారు. మామయ్య ఇప్పటికీ ఏదైనా కొనబోతూ "మీ అత్తయ్య ఏమనేదో" అంటారు. అననివ్వండి.

దుఃఖానికి ఐదు దశలంటారు చూడండి, నమ్మకపోవడం, కోపం, బేరమాడటం, కుంగిపోవడం, ఒప్పుకోవడం అని, మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో చెప్పినవి. ఆమె అవి రాసింది చావుకు దగ్గరపడ్డ రోగులతో మాట్లాడి. మనలాంటివాళ్లకు అదేం టైమ్‌టేబుల్ కాదు. మొన్న అత్తయ్య కూతురు ఏదో గుర్తొచ్చి పగలబడి నవ్వితే కొందరు వింతగా చూశారు. దుఃఖంలోకి వెళ్లడం, అందులోంచి బయటికొచ్చి పనుల్లో పడటం, మళ్లీ వెళ్లడం సహజమేనని 1999లోనే మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు వివరించారు. ఆ పిల్లను వదిలేయండి. ఆరు నెలలు దాటినా రోజు గడవనంత బాధ ఉంటే మాత్రం డాక్టర్‌ను కలవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని జబ్బుల జాబితాలో చేర్చింది.

నా టెన్షన్ వేరే. గుర్తుచేసుకునే ప్రతిసారీ మనం సంగతిని కొంత కొత్తగా అల్లుకుంటామని మనస్తత్వవేత్త ఫ్రెడెరిక్ బార్ట్‌లెట్ 1932లోనే చూపించాడు. ఇలాగే పొగుడుతూ పోతే కొన్నేళ్లకు మనమే ఆ దేవతను నమ్మేస్తాం. అందుకే అత్తయ్య వాయిస్ మెసేజ్‌లు ఎవరి ఫోన్లో ఉన్నా, ఫోన్ మార్చకముందే నాకు పంపండి. తిట్లున్నా పర్లేదు. తిట్లున్నవే ముందు పంపండి.

ఆవిడతో ఏళ్ల తరబడి మాట్లాడని చిన్నాన్న వెనక వరుసలో కూర్చున్నారు. చిన్నాన్నా, మైకు మీ దగ్గరికే పంపిస్తున్నాను. మొహమాటపడకండి, ఆ గొడవ నుంచే మొదలుపెట్టండి.